ఇంగ్లండ్ పల్లెలో పారిష్ కౌన్సిల్ "అది మా పరిధి కాదు" అంటే ఎవరిని అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్‌లో ఒక పల్లెకి వచ్చి ఏడాది దాటింది. ఇంటి పక్క నడక దారి ముళ్లకంపతో మూసుకుపోయింది, వీధి దీపం వెలగడం లేదు, గట్టి వాన పడితే మీ లేన్‌లో మడమలోతు నీళ్లు. పారిష్ కౌన్సిల్‌కి (ఊరి స్థాయి పాలనా సంస్థకి) మెయిల్ పెట్టిన ప్రతిసారీ "ఇది మా పరిధిలోకి రాదు" అని రెండు లైన్ల జవాబు. ఇండియన్స్ అని మనల్ని ఇలా తిప్పుతున్నారా, వీసా మీద ఉన్నవాళ్లం వాళ్ల మీటింగ్‌కి వెళ్లొచ్చా అని అడిగారు.

వెళ్లొచ్చండీ, నిశ్చింతగా వెళ్లండి. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీకు అక్కడ ఓటు కూడా ఉంది. ఇక మీరు చెప్పిన మూడు సమస్యల్లో రెండు దాదాపుగా పారిష్ కౌన్సిల్‌వి కావు, ఒకటి అవ్వొచ్చు. ఏది ఎవరిదో తేల్చుకుని వాళ్లకే రాయాలి, రిఫరెన్స్ నంబర్ తీసుకోవాలి, ఆ నంబర్ పట్టుకుని పారిష్ కౌన్సిల్‌ని మీ తరఫున అడగమనాలి. ఈ వరుస తప్పితే ఎన్ని మెయిల్స్ పెట్టినా అదే రెండు లైన్లు వస్తాయి.

నేను సఫోక్‌లో ఒక చిన్న పల్లెలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, పారిష్ కౌన్సిలర్‌ని. మాది పశ్చిమ గోదావరి, అక్కడ పంచాయతీ రాజకీయం చూస్తూ పెరిగినవాడిని. మన పంచాయతీని మనసులో పెట్టుకుని ఇక్కడి కౌన్సిల్ దగ్గరికి వెళ్తే మొదటే తికమక పడతాం, కాబట్టి ఆ తేడా ముందు చెప్తాను.

మన సర్పంచ్‌ని ఊరంతా నేరుగా ఓటేసి ఎన్నుకుంటుంది, ఇంటి పన్ను పంచాయతీయే వసూలు చేస్తుంది, మంచినీళ్లు, డ్రైనేజీ, ఊళ్లో రోడ్లు దాని నెత్తినే ఉంటాయి. ఇక్కడ పారిష్ కౌన్సిల్ చైర్‌ని కౌన్సిలర్లు తమలోంచే ఏటా మే నెలలో ఎన్నుకుంటారు. ఆ చైర్ అయినా సరే ఒంటరిగా ఒక్క నిర్ణయం తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఏదైనా మీటింగ్‌లో కౌన్సిల్ మొత్తంగా తీర్మానం చేయాల్సిందే. కౌన్సిలర్లకి జీతం లేదు. జీతం ఉండేది క్లర్క్‌కి, అదీ చిన్న పల్లెల్లో వారానికి కొన్ని గంటలకే. మీకు జవాబిచ్చింది ఆ క్లర్కే అయి ఉంటారు. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నాలుగైదు గంటల్లో లెక్కలు, మినిట్స్, అజెండా, ఊరి ఉత్తరాలన్నీ చూసే మనిషి రాసే జవాబు రెండు లైన్లే ఉంటుంది, ఎవరికైనా. మా ఊళ్లో తరతరాలుగా ఉన్న తెల్లవాళ్లకీ అదే జవాబు వెళ్తుంది, వాళ్లూ ఇలాగే మండిపడతారు. కాబట్టి మొదటి మెయిల్‌కే వివక్ష అని తేల్చేయకండి. అలాగని వివక్ష ఉండదని నేను అనను. ఎవరైనా కౌన్సిలర్ మీతో నిజంగా అవమానకరంగా ప్రవర్తిస్తే దానికి దారి వేరే ఉంది. ప్రతి కౌన్సిల్‌కీ ప్రవర్తనా నియమావళి ఉండాలి, ఫిర్యాదు వెళ్లాల్సింది పారిష్ కౌన్సిల్‌కి కాదు, దానికి పై అంచెలో ఉండే మీ డిస్ట్రిక్ట్ లేదా యూనిటరీ కౌన్సిల్‌లోని మానిటరింగ్ ఆఫీసర్‌కి.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ఊరికి చర్చి పారిష్ ఒకటి ఉంటుంది, దాని కమిటీ వేరు. పారిష్ కౌన్సిల్ 1894 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టంతో పుట్టిన పాలనా సంస్థ, దానికి మతంతో సంబంధం లేదు. విలేజ్ హాల్ చాలా ఊళ్లలో మూడోవాళ్లది, అంటే ఒక ఛారిటీ ట్రస్టుది. హాల్ బుకింగ్ గురించి కౌన్సిల్‌నీ, వీధి దీపం గురించి చర్చి వార్డెన్‌నీ అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు, కానీ మూడింట్లోనూ అవే నాలుగు మొహాలు కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్లకి అంతా ఒకటే అనిపిస్తుంది.

ఇప్పుడు ఏది ఎవరిదో. మీ కౌంటీ పేరు రాయలేదు. సఫోక్‌లాంటి చోట్ల ఇప్పటికి రెండు పెద్ద అంచెలు ఉన్నాయి. కౌంటీ కౌన్సిల్ రోడ్లు, గుంతలు, మంచు పడితే ఉప్పు చల్లడం, పొలాల్లోంచి వెళ్లే హక్కు దారులు (అందరికీ నడిచే హక్కున్న దారులు) చూస్తుంది. డిస్ట్రిక్ట్ కౌన్సిల్ చెత్త బిన్లు, ప్లానింగ్ అనుమతులు, ఎవరో రాత్రిపూట పారేసిపోయిన చెత్తకుప్పలు, కౌన్సిల్ ట్యాక్స్ వసూలు చూస్తుంది. కార్న్‌వాల్, విల్ట్‌షైర్‌లో 2009 నుంచి, బకింగ్‌హామ్‌షైర్‌లో 2020 నుంచి, సోమర్‌సెట్, నార్త్ యార్క్‌షైర్‌లలో 2023 నుంచి ఈ రెండూ కలిసిపోయి ఒకే యూనిటరీ కౌన్సిల్ ఉంది. మిగతా కౌంటీల్లోనూ ఇలా కలిపేసే పని మొదలైంది కాబట్టి రాసేముందు మీ పోస్ట్‌కోడ్ గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో కొట్టి ఎవరు ఏంటో చూసుకోండి. పారిష్ కౌన్సిల్‌కి మిగిలేది పిల్లల ఆటస్థలం, బెంచీలు, బస్ షెల్టర్, నోటీస్ బోర్డు, అలాట్‌మెంట్లు (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న మడులు), కొన్నిచోట్ల శ్మశానం, కొన్నిచోట్ల వీధి దీపాలు.

దీపంతో మొదలుపెడతాను, ఇదే తేలిక. స్తంభం మీద ఒక నంబర్ ఉంటుంది, ఫోటో తీయండి. కౌంటీ వెబ్‌సైట్‌లో దీపాల మ్యాప్ ఉంటే ఆ నంబర్ ఎవరి కింద ఉందో అందులోనే తెలుస్తుంది. పల్లెల్లో పారిష్ కౌన్సిల్ సొంత దీపాలు చాలానే ఉంటాయి, మీరు చెప్పిన మూడింట్లో కౌన్సిల్‌ది అవ్వొచ్చు అన్నది ఇదే. క్లర్క్‌కి "దీపం వెలగట్లేదు" అని కాకుండా నంబర్, ఏ ఇంటి ఎదురుగా ఉందో, అసలు వెలగట్లేదా లేక ఆరి ఆరి వెలుగుతోందా అని రాయండి. కాంట్రాక్టర్‌కి ఆ మెయిల్‌నే ఫార్వర్డ్ చేసేస్తారు, వాళ్లకి పని తగ్గుతుంది, మీకు దీపం త్వరగా వెలుగుతుంది. ఒక్క జాగ్రత్త, కొన్ని ఊళ్లలో అర్ధరాత్రి దాటాక దీపాలు కావాలనే ఆపేస్తారు. ఏ టైమ్‌లో చూశారో కూడా రాయండి.

నడక దారి విషయం కొంచెం పెద్దది. మీరన్నది రోడ్డు పక్కన పేవ్‌మెంటా, పొలాల మధ్య నుంచి వెళ్లే దారా అన్నది రాయలేదు. పేవ్‌మెంట్ అయితే, దాని మీదకి పక్కింటి హెడ్జ్, అంటే కంచెగా పెంచిన పొద, వాలితే కత్తిరించాల్సింది ఆ ఇంటి ఓనర్. ముందు వాళ్లతో ఒక మాట చెప్పడం, లేదంటే క్లర్క్ ద్వారా ఒక మర్యాదైన ఉత్తరం వెళ్లడం సరిపోతుంది, చాలామంది సిగ్గుపడి వారంలో కత్తిరించేస్తారు. వినకపోతే 1980 నాటి హైవేస్ చట్టం కింద కౌన్సిల్ నోటీసు ఇవ్వగలదు.

పొలాల మధ్య దారి అయితే అది హక్కు దారి అవునో కాదో ముందు తేల్చుకోవాలి. పసుపు బాణం గుర్తు ఉంటే కాలినడక దారి, నీలం బాణం ఉంటే గుర్రాలకీ సైకిళ్లకీ కూడా. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి. అసలైన సాక్ష్యం మాత్రం కౌంటీ దగ్గర ఉండే డెఫినిటివ్ మ్యాప్. అందులో ఉంటే ఆ దారి రాజుగారి రోడ్డుతో సమానం, భూమి ఎవరిదైనా మూసేయడానికి వీల్లేదు. దారి నేల మీద మొలిచే గడ్డీ, ముళ్లూ తీయించడం కౌంటీ బాధ్యత. పక్కల నుంచి, పైనుంచి వాలే కొమ్మలు, గేట్లు, ఎక్కి దిగే మెట్ల కంచెలు భూమి యజమాని బాధ్యత. ఈ తేడా తెలియకుండా ఫిర్యాదు పెడితే కౌంటీ యజమాని వైపు, యజమాని కౌంటీ వైపు చూపిస్తారు. ముళ్ల మొదలు ఎక్కడుందో కనపడేలా ఫోటో తీస్తే ఆ సాకు ఉండదు.

రైతు దున్నేసిన దారులకీ లెక్క ఉంది. చేను మధ్య నుంచి వెళ్లే కాలిదారిని పంట వేయడానికి మొదటిసారి దున్నాక 14 రోజుల్లో, ఆ తర్వాత ప్రతి పనికీ 24 గంటల్లో మళ్లీ నడిచేలా చేయాలి, కనీసం ఒక మీటరు వెడల్పు ఉండాలి. చేను గట్టు వెంబడి వెళ్లే దారిని అసలు దున్నకూడదు. మా ఊళ్లో ఒక చోట ఏటా ఆవపంట ఛాతీ ఎత్తున అడ్డం వచ్చేది, జనం కౌంటీకి రాస్తూనే ఉండేవారు. చివరికి మా కౌన్సిల్‌లో ఒకాయన విత్తే రోజుల ముందే ఆ రైతు దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. ఆ రైతుకి దారి సరిగ్గా ఎక్కడుందో తెలియదు, కౌంటీ వేసిన గుర్తు స్తంభం విరిగిపోయి చాలా కాలమైంది. స్తంభం మళ్లీ పాతించాం, ఆయన ట్రాక్టర్‌తో విత్తేటప్పుడే దారి వదిలేయడం మొదలుపెట్టాడు. చట్టం తెలుసుకోవడం ఎంత అవసరమో, రైతు దగ్గరికి చట్టం పేరెత్తకుండా వెళ్లడమూ అంతే అవసరం. వాళ్లు పొలం మీద బతికేవాళ్లు, మనలో చాలామంది వెనక్కి వెళ్తే అలాంటి ఇళ్ల నుంచే వచ్చాం, మాట కలపడం కష్టమేం కాదు.

ఒక హెచ్చరిక. మీరే కత్తెర పట్టుకుని మొత్తం పొద తెగ్గొట్టేయకండి. నడుస్తూ మొహానికి తగిలే కొమ్మ ఒకటి రెండు కత్తిరించుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ పక్షి గూడు పెట్టుకుని వాడుతున్న పొదని తెలిసి పాడుచేస్తే 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం. పక్షులు గూళ్లు కట్టే కాలం మార్చి నుంచి ఆగస్టు దాకా. రైతులైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పొలం హెడ్జ్‌లని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కోయకూడదు, రోడ్డుకి, దారికి అడ్డొచ్చినవి మినహాయింపు. మీరు మే నెలలో ఫిర్యాదు పెట్టి "సెప్టెంబర్ దాకా ఆగండి" అన్న జవాబు అందుకుంటే అది తప్పించుకోవడం కాకపోవచ్చు.

ఇక నీళ్లు. ఇది నా మనసుకి దగ్గరి విషయం, పంట కాలువల పక్కన పెరిగాను కాబట్టి ఎక్కువ రాస్తే భరించండి. లేన్‌లో నీళ్లు నిలిస్తే అందరూ ముందు కౌంటీని తిడతారు. రోడ్డు అంచున ఉండే ఇనప జల్లెళ్లు, వాటి కింద గొట్టాలు కౌంటీవే, అవి పూడుకుపోతే రిపోర్ట్ చేయాల్సింది కౌంటీకే. కానీ పల్లె లేన్‌లలో నీళ్లు పోయేది ఎక్కువగా పక్కనున్న మురుగు కాలువలోకి, ఆ కాలువ చాలాసార్లు పక్క భూమి యజమానిదే. శుభ్రంగా ఉంచి నీళ్లు సాఫీగా పోనివ్వడం ఆయన బాధ్యత. ఆ యజమాని మీరే కూడా కావొచ్చు! సొంత ఇల్లు కొన్నవాళ్లు తమ తోట చివర కాలువ కౌన్సిల్‌ది అనుకుని అందులో గడ్డి కోతలు పోస్తుంటారు. అద్దె ఇల్లయితే ఓనర్‌కి చెప్పండి.

మా ఊళ్లో ఇలాగే ఒక లేన్ ప్రతి శీతాకాలం మునిగేది. కౌంటీ వాళ్లు వచ్చి జల్లెళ్లు శుభ్రం చేసి వెళ్లేవారు, నెల తిరక్కుండా మళ్లీ అదే. వాన కురుస్తుండగా బూట్లేసుకుని నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతున్నాయో చూస్తూ కిందిదాకా నడిచాం. పొలంలోకి ట్రాక్టర్ వెళ్లేందుకు కాలువ మీద వేసిన మట్టి వంతెన కింద గొట్టం ఒకటుంది, అది నలిగి, ఆకులూ మట్టీ పట్టి పూర్తిగా మూసుకుపోయింది. పైనున్న కాలువంతా అందుకే పొంగుతోంది. ఫోటోలు, చిన్న వీడియో, మ్యాప్ మీద ఒక చుక్క పెట్టి క్లర్క్ ద్వారా భూమి యజమానికి పంపాం. ఆయన తన డిగ్గర్‌తో వచ్చి ఒక పొద్దుటి పూట పని ముగించేశాడు. ఎండలో చూస్తే ఏమీ అర్థం కాదు, వాన పడేటప్పుడు చూడాలి. మీరూ అదే చేయండి. అయితే కాలువలో కొత్తగా గొట్టం వేయాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా ముందు అనుమతి కావాలి, సాధారణంగా కౌంటీ నుంచి, పల్లపు ప్రాంతాల్లో అయితే ఇంటర్నల్ డ్రైనేజ్ బోర్డు నుంచి. పెద్ద నది అయితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ. ఇల్లే మునిగేంత ప్రమాదం ఉంటే కౌంటీకి రాసేటప్పుడు ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి, 2010 నాటి వరద చట్టం ప్రకారం స్థానిక వరదల బాధ్యత ముందుగా చూడాల్సింది కౌంటీయే.

గుంతల గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. ఎవరో రిపోర్ట్ చేసే ఉంటారని వదిలేయకండి. గుంతలో పడి కారు టైరు పోతే నష్టపరిహారం అడిగినప్పుడు కౌంటీ "మేం పద్ధతి ప్రకారం తనిఖీలు చేస్తున్నాం, ఈ గుంత సంగతి మాకు తెలియదు" అని వాదించడానికి చట్టంలో చోటుంది. ముందే రిపోర్ట్ ఉంటే ఆ వాదన బలహీనపడుతుంది. కౌంటీ వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు, లేదా 2007 నుంచి నడుస్తున్న ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే ఎవరికి వెళ్లాలో అదే చూసుకుంటుంది.

ఇప్పుడు మీటింగ్ విషయం, టెన్షన్ పడుతున్నారు కదా. పారిష్ కౌన్సిల్ మీటింగులు ఎవరైనా వచ్చి కూర్చునేవి, 1960 చట్టం ఇచ్చిన హక్కు అది, వీసాతో పని లేదు. ఏదైనా గోప్యమైన విషయం వస్తే మాత్రం తీర్మానం చేసి బయటివాళ్లని కాసేపు బయటికి పంపొచ్చు. అజెండా కనీసం మూడు పూర్తి రోజుల ముందు నోటీస్ బోర్డు మీద పెట్టాలి. మాట్లాడే అవకాశం చట్టం ఇచ్చింది కాదు, కౌన్సిల్ తన నియమాల్లో పెట్టుకునేది, కానీ దాదాపు అందరూ మొదట్లో పది పదిహేను నిమిషాలు ఊరివాళ్ల కోసం ఉంచుతారు. అజెండాలో లేని విషయం మీద ఆ రోజు నిర్ణయం తీసుకోలేరు. ఇది తెలియక చాలామంది వెళ్లి బాగా మాట్లాడి, అందరూ తలలూపితే పని అయిపోయిందనుకుని, తర్వాత ఏమీ జరగలేదని బాధపడతారు. కనీసం పది రోజుల ముందు క్లర్క్‌కి రాసి, ఫలానా విషయం అజెండాలో పెట్టండి, కౌంటీకి మేం పెట్టిన రిపోర్ట్ నంబర్ ఇదీ, కౌన్సిల్ తరఫున కౌంటీ కౌన్సిలర్‌కి ఉత్తరం రాయాలని కోరుతున్నాం అని స్పష్టంగా అడగండి. మీ ప్రాంతపు కౌంటీ, డిస్ట్రిక్ట్ కౌన్సిలర్లు ఈ మీటింగులకి తరచు వస్తారు, అసలు పట్టుకోవాల్సింది వాళ్లని.

హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగ్‌లో జరిగిన గొడవ 2021లో ప్రపంచమంతా తిరిగింది, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా. అది చూసి భయపడి వెళ్లనివాళ్లు నాకు తెలుసు. నేను చూసిన మీటింగులు అలా ఉండవు. టీ, బిస్కెట్లు, కుక్కల మలం గురించి అరగంట, ఒక ప్లానింగ్ అప్లికేషన్, ఇంటికి. మొదటిసారి ఊరికే కూర్చుని వినండి, రెండోసారి మాట్లాడండి.

ఓటు గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి, 18 ఏళ్లు నిండి, ఇక్కడ ఉండటానికి చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారత పౌరులు పారిష్ నుంచి పార్లమెంట్ దాకా ప్రతి ఎన్నికలోనూ ఓటేయొచ్చు. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. పోలింగ్ రోజు ఫోటో ఐడీగా ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. ఓటరుగా ఉంటే ఏటా మార్చి 1కీ జూన్ 1కీ మధ్య జరిగే వార్షిక పారిష్ సమావేశంలో మాట్లాడే, ఓటేసే హక్కు కూడా వస్తుంది, అది మన గ్రామసభ లాంటిది, కౌన్సిల్‌ది కాదు, ఊరి ఓటర్లది. కౌన్సిలర్‌గా నిలబడాలంటే మాత్రం మామూలు వీసా చాలదు, ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ ఉండాలి. దాంతోపాటు ఆ పారిష్ ఓటరు జాబితాలో ఉంటే మీరు అర్హులే. అది వచ్చిన రోజున ఆలోచించండి, ఎందుకంటే చాలా పల్లెల్లో సీట్లకి సరిపడా మనుషులే నిలబడరు, ఖాళీలని ఎన్నిక లేకుండా కౌన్సిలే నింపుకుంటుంది. నేను అలాగే లోపలికి వచ్చాను.

ఐఎల్ఆర్ దాకా ఏం చేయాలంటారా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద స్వచ్ఛందంగా, జీతం లేకుండా పనిచేయడానికి అభ్యంతరం లేదు. వసంతంలో చెత్త ఏరే రోజు ఉంటుంది, ఊళ్లో స్పీడుగా వెళ్లే కార్ల మీద నిఘాకి పోలీసులతో కలిసి నడిపే స్పీడ్‌వాచ్ ఉంటుంది, పాత ఎర్ర టెలిఫోన్ బూత్ ఉంటుంది. బీటీ వాళ్లు వాడుకలో లేని బూత్‌ని ఊరికి ఒక్క పౌండుకే ఇచ్చేస్తారు, మా ఊళ్లో దాంట్లో డీఫిబ్రిలేటర్ (గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే యంత్రం) పెట్టాం. దాని ప్యాడ్‌ల గడువు, బ్యాటరీ చూసి ఆన్‌లైన్‌లో నమోదు చేసే మనిషి ఎప్పుడూ కావాలి. మీరు ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో) పనిచేస్తున్నానని రాశారు కదా, ఆ ఒక్క పని మీరు తీసుకుంటానంటే ఊరు మిమ్మల్ని పేరుతో పిలుస్తుంది. నా అనుభవంలో ఫిర్యాదుతో మొదలైన పరిచయం కంటే, పనిలో చెయ్యి వేయడంతో మొదలైన పరిచయం వల్లే తర్వాత ఫిర్యాదులు త్వరగా తెగాయి.

అలాట్‌మెంట్ కూడా అడగండి. ఊళ్లో లేకపోతే 1908 నాటి చట్టం ప్రకారం ఆరుగురు ఓటర్లు గానీ కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవాళ్లు గానీ కలిసి రాతపూర్వకంగా అడిగితే కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలి. పూర్తి ప్లాట్ సుమారు 250 చదరపు మీటర్లు, కొత్తవాళ్లు సగం తీసుకోవడమే మంచిది. మెంతికూర, కొత్తిమీర, పాలకూర బయటే హాయిగా వస్తాయి, గోంగూరకి మాత్రం గ్రీన్‌హౌస్ వెచ్చదనం కావాలి.

ప్లానింగ్ గురించి క్లుప్తంగా చెప్తాను. ఇల్లు కట్టడానికి ఒప్పుకునేది, కాదనేది డిస్ట్రిక్ట్ కౌన్సిల్, పారిష్ కౌన్సిల్ అభిప్రాయం మాత్రమే చెప్తుంది. అభ్యంతరానికి సాధారణంగా 21 రోజులు. మా ఇంటి వ్యూ పోతుంది, ఇంటి ధర పడుతుంది అన్నవి లెక్కలోకి రావు. రోడ్డు భద్రత, వాన నీళ్లు ఎటు పోతాయి, కిటికీలోంచి పక్కింట్లోకి చూపు పడటం లాంటివి వస్తాయి. మీ లేన్ మునిగిన ఫోటోలు తేదీలతో దాచుకోండి, ఎగువన ఎవరైనా ఇళ్లు కట్టబోతే అవే పనికొస్తాయి.

చివరగా డబ్బు. పారిష్ కౌన్సిల్ ఖర్చు మీ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో విడిగా ఒక లైన్‌లో కనపడుతుంది, దాన్ని ప్రిసెప్ట్ అంటారు. వచ్చే ఏప్రిల్ నుంచి ఎంత అడగాలో అంతకు ముందు శీతాకాలంలోనే తేల్చేస్తారు, జనవరి దాటితే దాదాపుగా తలుపు మూసుకున్నట్టే. కాబట్టి ఉన్న దీపం బాగుచేయమని ఎప్పుడైనా అడగండి, కానీ కొత్త దీపం, కొత్త బెంచీ, నడక దారి ఏటా రెండుసార్లు కోయించడం లాంటి ఖర్చున్న కోరికలు అక్టోబర్, నవంబర్ మీటింగులకి పట్టుకెళ్లండి, వీలైతే రెండు కొటేషన్లతో. ఇక లెక్కలు చూడాలనిపిస్తే, ప్రతి వేసవిలో 30 పనిదినాల పాటు ఖాతా పుస్తకాలు చూసే హక్కు ఊరివాళ్లకి ఉంటుంది, అందులో జూలై మొదటి పది పనిదినాలు తప్పకుండా ఉండాలి. ఆ నోటీసు కూడా మీ ఊరి బోర్డు మీదే ఉంటుంది.